పండ్రెండు పోట్లు

అగథా క్రిస్టీ వ్రాసిన 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' అను నవల 1934వ సంవత్సరమున వెలువడినది. హత్యాపరిశోధన కథలలో దానికంటె పేరుగన్నవి మిక్కిలి కొద్ది. మొన్నటి వేసవిలో మా అమ్మాయి దానిని చదివి ముగించి, పుస్తకము నా ముందఱ పెట్టి, "నాన్నా, చివర పోయిరో చేసింది న్యాయమేనా?" అని యడిగినది. సంస్కృతమును, ఆంగ్లమును పిల్లలకు బోధించి పొట్టపోసికొనువాడను గనుక ఇట్టి ప్రశ్నకు జవాబు నా నాలుకచివర నుండవలసినదే. ఉన్నది కూడ. "న్యాయమే" యంటిని. ఆ పిల్ల తృప్తిపడలేదు. ఆ రాత్రి నాకును తృప్తి లేకపోయెను.

ముగింపునుగూర్చి మాటాడదలచినవాడు ముగింపును దాచలేడు. ఆ నవలను చదువనివారు ఇచ్చటనే యాగి, చదివిన పిమ్మట మరల రావచ్చును.

ఇస్తాంబులు నుండి పడమటికి పోవు రైలొకటి యుగోస్లావియాలో మంచులో కూరుకొని నిలిచిపోవును. తెల్లవారుసరికి రాచెట్ అను ధనికుడు తన గదిలో చచ్చి పడియుండును. ఒడలిపై పండ్రెండు కత్తిపోట్లు. కొన్ని లోతైనవి, కొన్ని చర్మము గీఱినవి మాత్రమే. ఆ పెట్టెలోనే ప్రయాణము చేయుచున్న పోయిరో అను బెల్జియను పరిశోధకుడు విచారింపగా, హతుని అసలు పేరు కసెట్టి యనియు, అమెరికాలో డెయిజీ ఆర్మ్‌స్ట్రాంగ్ అను పసిపిల్లను ధనాశచే ఎత్తుకొనిపోయి చంపినవాడనియు తేలును. ఆ దుఃఖములో పిల్లతల్లి మృతశిశువును ప్రసవించి మరణించెను. తండ్రి తుపాకితో కాల్చుకొనెను. తప్పేమియు లేకయే అనుమానము పాలైన దాది కిటికీనుండి దూకి చచ్చెను. కసెట్టి మాత్రము ధనబలముచేతను, చట్టములోని యొక లొసుగు చేతను విడుదలయ్యెను. 1932లో విమానవీరుడు లిండ్‌బర్గు కుమారునికి జరిగిన దారుణమే ఈ కల్పనకు మూలము.

ఆ పెట్టెలోని ప్రయాణికులు ఆర్మ్‌స్ట్రాంగు ఇంటికి బంధువులో, స్నేహితులో, సేవకులో అయినవారు. పండ్రెండు చేతులు, చేతికొక్క పోటు. ఇంగ్లీషు న్యాయపద్ధతిలో జ్యూరీలో కూర్చుండువారును పండ్రెండుగురే. న్యాయస్థానము విడిచిన దోషికి తామే జ్యూరీయై శిక్ష విధించి, తామే తలారులై దానిని జరిపిరన్నమాట.

పోయిరో అందఱిని భోజనపు పెట్టెలో కూర్చుండబెట్టి రెండు పరిష్కారములను చెప్పును. మొదటిది: ఎవడో బయటివాడు రైలు సేవకుని దుస్తులు ధరించి ఒక స్టేషనులో ఎక్కి, హత్య చేసి, దిగిపోయెను. రెండవది నిజము. అప్పుడు రైలు కంపెనీ డైరెక్టరగు బూక్ మొదటిదే సరియనును. శవమును పరీక్షించిన వైద్యుడు కాన్‌స్టంటైన్ తానును ఔనని, గాయములనుగూర్చి తాను మునుపు పలికిన మాటలు కొన్ని ఊహాజనితములని సవరించుకొనును. పోయిరో తన పని ముగిసినదని తప్పుకొనును. కథ సమాప్తము.

నేను కళాశాలలో చదువుకొను దినములలో మొదట ఈ ముగింపును చదివి పరవశుడనైతిని. అంతకుముందు మా యింట పరిశోధక కథలనగా కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరుని కథలే. అట్టి కథలలో సాధారణముగా దోషి యొక్కడు, తుదిపుటలలో బయటపడును, పోలీసులు పట్టుకొనిపోదురు, మనము దీపమార్పి పండుకొనవచ్చును. ఇచ్చట దోషులందఱును మంచివారు. చచ్చినవాడొక్కడే చెడ్డవాడు. బూక్‌గారు మొదటి పరిష్కారమునకు ఓటు వేయునప్పుడు నా చేయియు లేచినది. ఆ నవలను చదివిన లక్షలాది పాఠకులలో చేయి యెత్తనివారు ఎందఱుందురు?

మా అమ్మాయి ప్రశ్న విన్న రాత్రి నాకు నిదుర పట్టకుండ చేసినది ఆ మొదటి పరిష్కారమే. ఎవడో బయటివాడు వచ్చెను, చంపెను, పోయెను. ఈ కథను నేను క్రిస్టీని చదువకముందే వినియుంటిని.

అప్పుడు నాకు పదేండ్లు. మేముండిన పల్లె పేరు చెప్పను. మిరపకాయలు కోసి కల్లములలో ఎండబోసిన దినములు. ఎటు చూచినను నేల ఎఱ్ఱన, గాలి ఘాటు. బడిలో పిల్లలందఱము తుమ్ముచు పాఠము చదివెడివారము. ఒక కల్లములో రెండు టిక్కీలు తగ్గినవని ఒక పాలేరును పట్టుకొని, రాత్రివేళ దీపములు పెట్టి, కట్టివేసి కొట్టిరి. కొట్టినవారు పదిమందియో, పండ్రెండుగురో. తెల్లవారుసరికి అతడు లేడు. ప్రొద్దెక్కునప్పటికి ఊరిలో కథ తయారైనది: లారీలో దొంగలెవరో వచ్చినారు, పాలేరు అడ్డుపడినాడు, కొట్టి చంపి పోయినారు. రాత్రి దొంగయని కొట్టినవారే, పగలు, యజమాని సొత్తుకొఱకు ప్రాణమిచ్చిన నమ్మకస్తుడని కంట తడిపెట్టి పొగడిరి.

మా నాయన ఆ పల్లెలో చదువు వచ్చిన కొద్దిమందిలో నొకడు. సబ్ ఇన్‌స్పెక్టరు వచ్చి శవపంచనామా వ్రాయించునప్పుడు పెద్దమనుష్యులుగా సంతకము చేసినవారిలో ఆయనయు నుండెను. శవముపై కఱ్ఱదెబ్బలు, చెప్పుదెబ్బలు, ముల్లుగఱ్ఱ గుర్తులు వేర్వేరుగా కనబడుచుండెను. కొన్ని లోతైనవి, కొన్ని పైపైవి. అన్ని తీరుల దెబ్బలు లారీలోని దొంగలు తీరికగా నిలిచి కొట్టినవి కావని తెలిసికొనుటకు పోయిరో అక్కఱలేదు. కాగితములో 'గుర్తు తెలియని వ్యక్తులు' అని వ్రాసిరి. మా నాయన దాని క్రింద సంతకము చేసెను. ఆ రాత్రి మా అమ్మ యడుగగా, "నలుగురితో బతకాలి గదే" అనెను. అంతకుమించి ఆ విషయమున ఆయన మాటాడగా నేను వినలేదు.

ఆయనను దుర్మార్గుడని నేననజాలను. అసత్యము పలికినందుకు మమ్ము కొట్టిన చేయియే ఆ సంతకము చేసినది. ఆ కొట్టినవారితో బంధుత్వములు, అప్పులు, నీళ్ల వంతులు, పెండ్లి సంబంధములు ముడిపడి యున్నవి. పల్లె కూడ ఒక రైలుపెట్టెయే. మంచు కురియనక్కఱలేదు, దిగిపోవుటకు చోటుండదు.

కొన్నేండ్లకు ఆ కొట్టినవారిలో నొకడు మా అరుగుమీద కూర్చుండి, ఎవ్వరును అడుగకయే, "అన్నా, నేను ఒక్క దెబ్బే వేశాను. ఒక్క దెబ్బకే మనిషి పోతాడా?" అనెను. అతడు బొంకలేదు. నిజముగనే ఒక్క దెబ్బయే వేసియుండును. అందఱును ఒక్కొక్కటియే వేసిరి. క్రిస్టీ నవలలో పండ్రెండు పోట్లలో ప్రాణము తీసినది ఎవరిదో ఎవ్వరికిని తెలియకుండునట్లే, ఇచ్చటను తెలియలేదు. హత్యను పండ్రెండింట భాగించిన ఒక్కొక్కరి వంతునకు చిన్న తప్పు మాత్రమే వచ్చును. ఆ చిన్న తప్పును మోసికొని మనిషి నూఱేండ్లు సుఖముగా బ్రతుకగలడు.

చట్టము ఈ లెక్కను ఒప్పుకొనదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 34వ సెక్షను, 149వ సెక్షను ఇందుకే యుండినవి. అయిదుగురు గాని, అంతకు మించినవారు గాని ఒక ఉద్దేశముతో గుమిగూడి ఆ ఉద్దేశము నెఱవేర్చుటకై నేరము చేసినచో, అందు చేరిన ప్రతివాడును ఆ నేరమంతటికిని బాధ్యుడు. 2024 జూలై 1నుండి ఆ స్మృతికి బదులు భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. 149వ సెక్షను 190వది యయ్యెను, సూత్రము మాఱలేదు. చేతులు పెరిగినంతమాత్రమున నేరము తరుగదు.

కాని చట్టము కాగితముపై చేసిన లెక్కను న్యాయస్థానములో నిరూపించుటకు సాక్షులు కావలయును. ఈ పత్తి మిరప మైదానముల చరిత్రలో రెండు పేర్లు తలచుకొనక ఈ మాట ముందుకు సాగదు. 1985 జూలై 17న, అప్పటి ప్రకాశం జిల్లాలోని కారంచేడులో, మంచినీటి చెరువు దగ్గఱ పుట్టిన తగవు పెరిగి, అగ్రకులస్థుల గుంపు దళితవాడపై పడి ఆరుగురిని చంపినది. ప్రత్యక్షసాక్షి యైన యొక స్త్రీ అటుపిమ్మట హత్యకు గురియయ్యెను. 1991 ఆగస్టు 6న, అప్పటి గుంటూరు జిల్లాలో, తెనాలి దగ్గఱి చుండూరున ఎనిమిదిమంది దళితులు చంపబడిరి. శవములను గోనెసంచులలో కుక్కి కాలువ పాలు చేసిరి. సినిమాహాలులో ఒకని కాలు మఱియొకనికి తగిలిన తగవు ఇంతదాక వచ్చినది.

చుండూరు వ్యాజ్యమున కొక ప్రత్యేకత కలదు. 1989 నాటి అత్యాచార నిరోధక చట్టము క్రింద ఆ గ్రామముననే ప్రత్యేక న్యాయస్థానమును నెలకొల్పిరి. 2007 జూలై 31న ఆ న్యాయస్థానము 21 మందికి యావజ్జీవ శిక్షయు, 35 మందికి ఏడాది కఠిన శిక్షయు విధించెను. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు వారినందఱిని విడిచిపెట్టినది. ఎప్పుడు చచ్చిరో, ఎచ్చట చచ్చిరో, ఎవరు కొట్టిరో నిస్సంశయముగా రుజువు కాలేదనుట ఆ తీర్పులోని సారము. దానిపై సుప్రీం కోర్టుకు అప్పీలు వెళ్లినది. సందేహమున్నచోట ముద్దాయిని విడుచుట తప్పని నేననను. ఆ నియమము లేకున్న రేపు నాకును దిక్కులేదు. కాని ఒక ఊరిలో పట్టపగలు ఎనిమిది ప్రాణములు పోగా, ఆ సందేహమును తీర్చుటకు కన్నులుండి, నోరుండి, తెఱవనివారెందఱు? మా నాయనవంటివారు ఎందఱు?

ఇప్పుడు మరల నవలలోనికి పోదము. క్రిస్టీ ఒక గారడి చేసినది; నేను ముప్పదేండ్లకు గాని దానిని పసికట్టలేకపోతిని. దుఃఖపడిన కుటుంబమును, కత్తి పట్టిన గుంపును ఆమె ఒక్కవైపుననే నిలిపినది. మన యూళ్లలో ఈ రెండును ఒకవైపున నుండుట నేను చూడలేదు. గుంపు బలవంతులది, దుఃఖము బలహీనులది. నవలలోని మంచును, మూసిన పెట్టెను, పండ్రెండు చేతులను అట్లే యుంచి, చచ్చినవానిని మాత్రము మార్చి చూడుడు. కసెట్టికి బదులు మా పల్లె పాలేరును అచ్చట పండుకొనబెట్టుడు. బూక్‌గారి మాట మార్పనక్కఱలేదు. వైద్యుడు తన మాటను సవరించుకొనుట మార్పనక్కఱలేదు. మొదటి పరిష్కారము అంతే చక్కగా అతుకును. ఏలన, చచ్చినవాడెవడని ఆ పరిష్కారము ఎన్నడును అడుగదు.

"మఱి న్యాయస్థానము విడిచిన కసెట్టిని ఏమి చేయవలెను?" అని అడుగువారుందురు. న్యాయమైన ప్రశ్న. డబ్బు పెట్టి దోషి బయటపడినప్పుడు కన్నవారు చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? దీనికి జవాబు చెప్పుటకు నేను తగను. నా పిల్లను ఎవరును ఎత్తుకొనిపోలేదు. తగినవారు చుండూరులో నున్నారు. ఆర్మ్‌స్ట్రాంగు కుటుంబపు స్థితి వారిది. తమ మృతులను వారు ఊరినడుమ పాతిపెట్టి ఆ చోటికి రక్తక్షేత్రమని పేరు పెట్టుకొనిరి. న్యాయస్థానము మాయూరికే రావలెనని పట్టుబట్టి తెప్పించుకొనిరి. పదునాఱేండ్లు కాచిరి, తీర్పు తలక్రిందులైన పిమ్మటను కత్తులు పంచుకొనలేదు. ఇది విని వారి ఓర్పును మెచ్చుకొందమని తొందరపడకుడు. ఓర్చుకొనవలసిన యవసరము లేనివారే ఓర్పును ఎక్కువగా మెచ్చుకొందురు. వారు ఓర్చుకొనలేదు, అడిగిరి. పేర్లు చెప్పి, వేలు చూపి, బోనులో నిలిచి అడిగిరి. మొదటి పరిష్కారము వలదనిరి.

మనకును ఒక పాత హత్యావ్యాజ్యపు కథ కలదు. శూద్రకుని మృచ్ఛకటికము, తిరుపతి వేంకట కవులు దానిని తెలుగున ననువదించిరి. శకారుడు వసంతసేన గొంతు నులిమి, చచ్చినదనుకొని, ఆ నేరమును చారుదత్తునిపై మోపును. నిజము తెలిసినవాడు శకారుని దాసుడు స్థావరకుడు. వానిని గొలుసులతో మేడమీద బంధించి యుంచుదురు. చారుదత్తుని వధకు తీసికొనిపోవుచుండగా వాడు ప్రాణమునకు తెగించి క్రిందికి దూకి, నడివీథిలో నిజము చెప్పును. ఎవ్వరును నమ్మరు. బంగారము దొంగిలించినాడని కొట్టితిని, ఆ కసితో చెప్పుచున్నాడని శకారుడనగా, ఆ మాట చెల్లిపోవును. దాసుని సత్యమునకు వెలలేదని వాడు దుఃఖించును. ఆ ఘట్టమును తరగతిలో చెప్పునప్పుడెల్ల నా గొంతు తడబడును. పిల్లలు దానిని పాండిత్యమనుకొందురు. మేడమీదినుండి దూకినవాడు దాసుడు. మా అరుగుమీదినుండి దిగనివాడు మా నాయన.

తుదకు వసంతసేన బ్రతికి వచ్చును. రాజ్యము మాఱును. శకారుడు కాళ్లమీద పడును. చుట్టునున్న జనము చంపుడనును. చారుదత్తుడు శరణన్నవానిని చంపరాదని విడిపించును. ఇదియును దోషిని విడుచుటయే. పోయిరో చేసినదియు దోషులను విడుచుటయే. అయినను నాకు ఇవి రెండును ఒక్కటిగా తోచవు. చారుదత్తుడు క్షమించునాటికి ఊరందఱికిని నిజము తెలిసియున్నది. నేరము ఎవరిదో వారి నెత్తిననే యున్నది. క్షమించినవాడు స్వయముగా చావుమెట్టుదాక పోయి వచ్చినవాడు. స్థావరకుడు దాస్యమునుండి విముక్తుడైనాడు. పోయిరోకు ఎవరును ఏ యపకారమును చేయలేదు. అతడు క్షమింపలేదు, మఱుగుపఱచెను. నిజమును విన్న మువ్వురు నాలుగుగోడల నడుమ ఓటు వేసికొని దానిని పాతిపెట్టిరి. ఆ పండ్రెండుగురి దుఃఖమును చెప్పుకొను హక్కును గూడ దానితోపాటు పాతిపెట్టిరి.

ఈ మాట ఆ పండ్రెండుగురిలో నొకరికి తెలిసినదే. డెయిజీకి అమ్మమ్మయైన లిండా ఆర్డెన్, గొప్ప నటి, ముగింపులో వేషము తీసివేసి, నేరమంతయు తనపైననే వేయుడని, మిగిలినవారిని విడువుడని వేడుకొనును. పుస్తకమంతటిలోను తన పేరును తన పనికి చేర్చికొనుటకు సిద్ధపడినది ఆమె. ఆమె మాటకు జవాబుగా వచ్చినదే బూక్‌గారి ఓటు. మొదటిసారి చదివినప్పుడు దానిని దయ యనుకొంటిని. ఇప్పుడు చూడగా ఆమె నోరు మృదువుగా మూసినట్లు తోచుచున్నది.

1975లో వెలువడిన 'కర్టెన్' అను పోయిరో తుదికథలో, చట్టమునకు చిక్కని యొక దుర్మార్గుని పోయిరో తానే చంపును. క్రిస్టీ దానిని రెండవ ప్రపంచయుద్ధ కాలమున వ్రాసి దాచినది. మంచులో ఒకసారి తెఱచిన తలుపు ఎచ్చటికి పోవునో ఆమెకు తెలిసియే యుండును.

పాఠకులలో కొందఱు, కల్పితకథను చదివి ఆనందించుటకు ఇంత వేదన యెందుకని నవ్వవచ్చును. నవల చదివి హంతకుని మెచ్చుకొన్నవాడు హంతకుడగునని నేననుటలేదు. నేనిప్పటికిని ఆ నవలను మెచ్చుకొనుచునే యున్నాను. సెలవులలో మరల చదివితిని. ఓటు వేయునప్పుడు మాత్రము ఈసారి నా చేయి లేవలేదు.

నాలుగు దినముల తరువాత మా అమ్మాయిని పిలిచి, "నేను మొన్న చెప్పిన జవాబు సరికాదమ్మా" యంటిని. కారణము అడిగినది. కల్లము సంగతి, లారీ సంగతి, పంచనామా సంగతి అన్నియు చెప్పితిని. మా నాయన గతించి పదేండ్లైనది. ఇంతవరకు ఇంటిలో నెవ్వరికిని చెప్పలేదు. మా అమ్మాయికి తాతయ్యయన్న ప్రాణము. ఆయన వ్రేలు పట్టుకొనియే అక్షరములు దిద్దినది. చాలసేపు ఊరకుండి, "అయితే తాతయ్య బూక్ లాంటివాడా నాన్నా, డాక్టరు లాంటివాడా?" అని యడిగినది.

"డాక్టరు" అని చెప్పితిని. "గాయాలు చూసినవాడు."

"ఆ పాలేరు పేరేంటి?"

నాకు తెలియలేదు. మా అమ్మకు ఫోను చేసి కనుగొంటిమి.